జవాబు ముందే తెలియని ప్రయోగాలు పెట్టండి

నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది దేవరకొండ. ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్‌గా చేస్తున్నాను. మా ఊరికి ఒక దిక్కు చౌటుప్పల్, ఇంకో దిక్కు జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్. బీఎస్సీ కెమిస్ట్రీ అయిన మన పిల్లలు చాలామంది బతుకుదెరువు వెతుక్కునేది ఈ రెండు దిక్కుల మందుల కంపెనీల్లోనే. కొత్త ట్రైనీలకు పని నేర్పే బాధ్యత నాది కాబట్టి, కాలేజీ నుంచి వాళ్లేం తెచ్చుకుంటున్నారో దగ్గర నుంచి చూస్తుంటాను.

థియరీకి ఢోకా లేదు. చందంపేట వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలు రియాక్షన్ మెకానిజమ్ తడుముకోకుండా బోర్డు మీద వేస్తారు. మందులో మలినం కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ ముందు కూర్చోబెడితే మాత్రం చేతులు ఆడవు. మొబైల్ ఫేజ్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో ఎందుకు వడకట్టాలి, పంపులోకి గాలి బుడగ పోతే ప్రెషర్ ఎందుకు ఊగుతుంది, బఫర్ నడిపిన కాలమ్‌లోకి నీళ్లు పంపకుండా నేరుగా అసిటోనైట్రైల్ వదిలితే లోపల ఉప్పు పేరుకుని ఎలా మూసుకుపోతుంది, ఇవేవీ తెలియవు. అయినా ఇవి నేర్పితే వచ్చే పనులే. నా బెంగ మెషీన్ గురించి కాదు, రికార్డు గురించి.

ప్రాక్టికల్ రికార్డులు ఎలా తయారవుతాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సీనియర్ రికార్డు చేతికొస్తుంది, ప్రయోగానికి ముందే లెక్క సిద్ధమవుతుంది. బ్యూరెట్‌లో 16.1 వచ్చినా పుస్తకంలో 15.3 ఎక్కుతుంది, ఎందుకంటే మార్కులు 15.3కే. మా ల్యాబ్‌లో తప్పు రాస్తే దాని మీద ఒకే గీత కొట్టి, సరైనది పక్కన రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ కనబడితే ఉద్యోగానికే ఎసరు. మన దేశపు ఫ్యాక్టరీల్లో అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు చించి పారేసిన కాగితాలను చెత్తసంచుల్లోంచి తీసి చూసిన సందర్భాలున్నాయి. మూడేళ్లు ‘రావాల్సిన’ అంకె రాసిన చేతికి ‘వచ్చిన’ అంకె రాయడం అలవాటు చేయడం హెచ్‌పీఎల్‌సీ నేర్పడం కన్నా చాలా కష్టం.

అందుకే అడుగుతున్నాను. మెడిసినల్ కెమిస్ట్రీ మీద ఆసక్తి ఉన్న డిగ్రీ పిల్లలకు వేసవిలో మీ అన్నెపర్తి క్యాంపస్‌లో ఒక ల్యాబ్ శిక్షణ పెట్టండి. పది మెషీన్లు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే రకం వద్దు. ఒక్క మందును మొదలు నుంచి చివరిదాకా చేయించండి. పారాసిటమాలే చాలు. పారా అమినోఫినాల్, అసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిపి తయారుచేస్తారు. వేడి నీళ్లలో కరిగించి మళ్లీ స్ఫటికాలు రాబడతారు. ఆరబెట్టి మెల్టింగ్ పాయింట్ చూస్తారు. 169, 170 డిగ్రీల దగ్గర కరగాల్సింది 163కే కరిగిందా? తడి మిగిలిందో, మలినం ఉందో పిల్లలే తేల్చుకోవాలి. మలినం ఉందో లేదో చూసే టీఎల్‌సీ ప్లేట్ మీద గీత పెన్నుతో గీస్తే సాల్వెంట్‌తో పాటు సిరా కూడా పైకి పాకుతుందని, అందుకే పెన్సిల్ అని అక్కడ అర్థమవుతుంది. చివర హెచ్‌పీఎల్‌సీలో మిగిలిన పారా అమినోఫినాల్ ఎంతో కొలవాలి. అది కిడ్నీలకు చేటు. ఫార్మకోపియా 50 పీపీఎంకు మించి ఒప్పుకోదు. ఎవరి బ్యాచ్ మలినం వారిది, పక్కవాడి రికార్డు పనికిరాదు.

ఇంకో ప్రయోగం మన నేలలోనే ఉంది. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని బయటి దేశాల్లో కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. ప్రతి విద్యార్థీ తన ఊరి బోరు నీళ్లు సీసాలో తెచ్చి ఫ్లోరైడ్ కొలవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో ఏ సీనియర్ రికార్డులోనూ ఉండదు. అంకె తేడాగా వచ్చినా, ఎందుకొచ్చిందో నిజాయితీగా రాసిన పిల్లకు మార్కులు వేయండి. ఈ ఒక్క నిబంధన మీ చేతిలో ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు.

సేఫ్టీని మొదటి రోజే పెట్టండి. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో పదుల మంది పోయారు. మన పిల్లలు పనికి పోయేది అలాంటి షెడ్లలోకే.

మెషీన్లు ఎక్కడివంటారా? కంపెనీలు పాత హెచ్‌పీఎల్‌సీలు మారుస్తూనే ఉంటాయి, సీఎస్ఆర్ కింద అడగొచ్చు. అయితే కాలమ్‌లకు, సాల్వెంట్లకు, సర్వీసుకు డబ్బు కూడా అడగండి, లేకపోతే ఆ మెషీన్ గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. హాస్టల్ గదులూ ఇవ్వాలి. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితం, నిజమే. కానీ స్ఫటికాలు ఎండేదాకా ఆగితే నల్గొండ నుంచి దేవరకొండ చేరేసరికి రాత్రవుతుంది. ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

మీరు బ్యాచ్ మొదలుపెడితే, కాలమ్ కడగడం, నోట్‌బుక్ రాయడం నేర్పడానికి నేను సెలవు పెట్టి వస్తాను. ఇక్కడి నుంచే వెళ్లి కంపెనీల్లో స్థిరపడ్డ ఇంకో ఇద్దరు ముగ్గురిని కూడా వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
దేవరకొండ కెమిస్ట్ ఒకరు