ఇందిరకు శిక్ష పడలేదు

'కాలాతీత వ్యక్తులు' మొదటిసారి చదివింది హరిశ్చంద్రపురం స్టేషన్‌లో, పాసింజరు బండి కోసం చూస్తూ. చివరి పేజీ దాకా ఒకటే భయం: ఇందిరకు ఏం జరుగుతుందోనని. అప్పటికి నేను చదివిన కథల్లో, చూసిన సినిమాల్లో మగవాళ్లతో చొరవగా మాట్లాడే ఆడపిల్ల, తన కోరిక దాచుకోని ఆడపిల్ల చివరికి నూతిలోనైనా పడేది, ఎవరి కాళ్ల మీదైనా పడేది. ఇందిర ఎక్కడా పడలేదు. కృష్ణమూర్తితో బతకాలని తానే నిర్ణయించుకుంది. కథ అయిపోయింది. లైబ్రరీ పుస్తకం కదా, ఏవైనా పేజీలు చిరిగిపోయాయేమోనని వెనక్కి తిప్పి చూశాను. అన్నీ ఉన్నాయి.

ఆ నవల రాసిన డాక్టర్ పి. శ్రీదేవి మన ఉత్తరాంధ్ర మనిషి. 1929లో అనకాపల్లిలో పుట్టారు. వైద్యం చదివారు. గోరాశాస్త్రి సంపాదకులుగా ఉన్న 'తెలుగు స్వతంత్ర'లో 1957-58లో ఈ నవల వారం వారం వచ్చింది. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే పోయారు.

విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు. అందులో ఇందిర, ఆమె తండ్రి. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం. చదువు కోసం వచ్చిన కల్యాణి. ప్రకాశం మంచివాడే, కానీ వెన్నులో బలం లేదు. ఎవరు గట్టిగా పిలిస్తే అటు నడుస్తాడు. ఇలాంటి మగవాణ్ణి అప్పటి నవలల్లో విధి చేతిలో కీలుబొమ్మ అనేవారు, జాలిపడేవారు. శ్రీదేవి జాలిపడలేదు, తిట్టనూలేదు. అతను ఎలా వెనకడుగు వేస్తాడో చూపించి ఊరుకున్నారు. కల్యాణిని మంచి అమ్మాయిగా ఒక పక్కన నిలబెట్టి, ఆ కొలబద్దతో ఇందిరను కొలిచే పని కూడా పెట్టుకోలేదు. ఇద్దరూ ఎవరి బరువు వాళ్లు మోశారు. డాక్టరు కాబట్టి రోగిని పరీక్షించినట్టు మనుషుల్ని చూశారనడం తేలిక. నేను ఒప్పుకోను. ఇందిర రోగి కాదు. శ్రీదేవి ఆమెను తనతో సమానురాలిగా చూశారు. తెలుగు నవలలో అది కొత్త చూపు, 1957 నాటికి చాలా ధైర్యమైన చూపు.

ఈ నవలే ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావు 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. సినిమా నాకిష్టమే, పాటలు ఇప్పటికీ వింటాను. నవల్లోని ఇందిర మాత్రం నాకందులో కనిపించలేదు.

శ్రీదేవి పుట్టిన ఆ 1929లోనే ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అచ్చయింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులో కేంబ్రిడ్జిలోని రెండు ఆడపిల్లల కాలేజీల్లో ఆమె చేసిన ప్రసంగాలే దానికి మూలం. ఆడది నవల రాయాలంటే ఏడాదికి 500 పౌండ్ల రాబడి, లోపల గడియ పెట్టుకునే గది ఉండాలన్న మాట అందరికీ తెలిసిందే. ఆ 500 పౌండ్లు ఎక్కడివో అంతగా ఎవరూ చెప్పుకోరు. పుస్తకంలో కథ చెప్పే ఆమెకు ఒక మేనత్త ఉంటుంది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోతుంది, ఆ రాబడి ఈమె పేర రాసి ఉంటుంది. ఆ కబురూ, ఆడవాళ్లకు ఓటు వచ్చిందన్న కబురూ దాదాపు ఒకే సమయంలో అందుతాయి. రెండింటిలో డబ్బే తనకు ముఖ్యమనిపించిందని ఆమె దాచకుండా చెబుతుంది. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. అయినా బొంబాయి దగ్గర నా చదువు ఆగుతుంది. ఆ గది అద్దె ఎవరి నేల మీంచి వెళ్లిందో వుల్ఫ్ అడగలేదు. మనం అడగాలి.

ఇందిరకు ఏ మేనత్తా ఆస్తి రాయలేదు. ఆమెది ఉద్యోగం. ఆ జీతం మీదే తండ్రి కూడా బతకాలి. చేతిలో సొంత సంపాదన ఉన్నా తనదంటూ ఒక్క సాయంత్రం లేని ఆడదాన్ని మన సాహిత్యంలో అంత సూటిగా చూపించింది శ్రీదేవే అని నా నమ్మకం. వుల్ఫ్ లెక్కలో లేని మనిషి ఆమె.

ఆ మనిషి ఇవాళ పలాస-కాశీబుగ్గలో వేల సంఖ్యలో ఉంది. జీడిపప్పు బట్టీల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. ఉడికించిన పిక్కను కోసి పప్పు తీయడం, పొట్టు వలవడం, గుండునూ బద్దనూ వేరు చేయడం. జీడి నూనె తగిలి వేళ్ల చివర నల్లబడిపోతాయి. కూలి కిలోల లెక్కన. ఇంటికొస్తే వంట, నీళ్లు, పిల్లలు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో వీటి మీద కిడ్నీ జబ్బు మనిషికి సేవ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేశాక ఆ కూలి మీద ఆధారపడ్డ ఇళ్లు మరీ పెరిగాయి. అలాంటి ఒకామెను, మీ సంగతులు ఎప్పుడైనా రాసుకున్నారా అని అడిగాను. పదో తరగతి చదివిన మనిషి.

"నానేటి రాస్తానమ్మా? రాత్రి పది దాటితే గానీ నడుం వాల్చను. అప్పుడు కలం అట్టుకుంటే మా అత్త లైటెందుకే అంటాది" అంది.

లైటెందుకే. ఉద్దానం ఆడవాళ్ల గురించి రాసినవి నేను చాలా చదివాను. ఉద్దానం ఆడవాళ్లు రాసినవి చాలా తక్కువ చదివాను. కథకు పుట్టిల్లు లాంటి జిల్లా మనది. కథకులు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయం కట్టి తెలుగు కథకు ఒక ఇల్లు ఇచ్చారు. జీడి పిక్కలు కోసే ఆడది తన చేత్తో రాసిన కథ కూడా ఆ ఇంట్లో అడుగుపెట్టాలి కదా!

గది మాట ఎత్తితే ఆస్తి మాట ఎత్తక తప్పదు. మన రాష్ట్రం 1986లో చట్టం సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. మా వైపు ఇప్పటికీ కొబ్బరి తోట పంపకాల రోజున అప్పచెల్లెళ్లను పిలిచేది చాలాచోట్ల సంతకం కోసమే. పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అంటారు. సంతకం పెట్టను అన్న ఆడపడుచుకు పుట్టింటి గడప దూరమైపోతుంది. వుల్ఫ్ చెప్పిన 500 పౌండ్లకు మన దగ్గర పేరు తోటలో వాటా. అది దక్కని చోట గది గురించి ఎంత మాట్లాడినా గాలిలో మాటే.

కానీ తోట దక్కేదాకా కలం ఆగక్కర్లేదు. వైద్యవృత్తిలో ఉంటూ, వారపత్రిక గడువుకు తలవంచి శ్రీదేవి ఆ నవల పూర్తిచేశారు. ఆవిడకు చదువుంది, ఒక సంపాదకుడి నమ్మకముంది. మన పిల్లలకు ఆ రెండూ మనం ఇవ్వగలం. టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు బడుల్లోని తెలుగు పంతుళ్లను, పంతులమ్మలను ఒక్కటే కోరుతున్నాను. ఆడపిల్లల చేత వాళ్లమ్మ ఒక రోజు గడిచిన తీరు రాయించండి. దిద్దకండి, యాస మార్చకండి. మంచివి నాకు పంపండి, ఈ శీర్షికలో నా చోటు వాళ్లకిస్తాను. ఇళ్లలో పెద్దవాళ్లకు మరొక మాట: రాత్రి పది దాటాక మీ కోడలు నోటుబుక్కు తెరిస్తే, ఆ లైటు వెలగనివ్వండి.