పాత స్పోర్ట్స్ కారుకు ఏ నూనె?

ఎండ ముదిరినకొద్దీ ఇంజన్ ఆయిల్ చిక్కబడాలనీ, కారు పాతదైతే మరింత చిక్కబడాలనీ రియాదు సనాయియా గ్యారేజీలలో వినిపించే మాట. ఇందులో సగమే సత్యం ఉన్నది.

బెల్లం పాకం వేడి మీద జారి, చల్లారితే బిగుసుకున్నట్లే నూనె స్నిగ్ధత కూడా ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. డబ్బాపై 20డబ్ల్యూ-50 అని ఉంటే, మొదటి సంఖ్య చలికి సంబంధించినది. 20డబ్ల్యూ నూనెను మైనస్ 15 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ నూనెను మైనస్ 30 వద్ద పరీక్షిస్తారు. రెండవ సంఖ్య 100 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధతకు గుర్తు. రియాదు చలికాలపు రాత్రి సున్నా దరిదాపులకు దిగవచ్చునేమో గాని, మైనస్ 15ను చూడదు. కనుక కేవలం ఆ 5డబ్ల్యూ కోసం పాత కారు యజమాని అదనపు రియాళ్లు వెచ్చించనక్కరలేదు. పైగా ఖనిజ తైలంలో ఈ రెండు సంఖ్యల నడుమ దూరం పెంచాలంటే పాలిమర్లు ఎక్కువగా కలపాలి. బేరింగుల ఒత్తిడికి ఆ పొడవైన అణువులు తెగి, నూనె క్రమంగా పలుచబడుతుంది.

ఇక రెండవ సంఖ్య. 1969లో ఉత్పత్తి మొదలైన డాట్సన్ 240జెడ్ వంటి నీటితో చల్లబడే ఇంజన్‌లో థర్మోస్టాట్ ఉంటుంది. రేడియేటర్ సక్రమంగా ఉంటే జిద్దాలోనైనా, కొండమీది అభాలోనైనా నీటి వేడిలో పెద్ద తేడా రాదు. అక్కడ తయారీదారు పుస్తకంలోని గ్రేడే ప్రమాణం. 1998 వరకు వచ్చిన గాలితో చల్లబడే పోర్షె 911 సంగతి వేరు. అందులో వేడిని మోసుకుపోయే భారం చాలావరకు నూనెదే. 45 డిగ్రీల ఎండలో దానికి 50 గ్రేడు న్యాయమే.

అయితే రసాయన శాస్త్రం దృష్టిలో అసలు ప్రశ్న చిక్కదనం కాదు, జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్. లోహం లోహాన్ని రాచుకునే చోట ఇది విఘటనం చెంది పలుచని రక్షణపొరగా ఏర్పడుతుంది. పాత ఇంజన్లలో రోలర్లు లేని క్యామ్‌లకు ఆ పొరే కవచం. కాని ఇందులోని భాస్వరం ఎగ్జాస్ట్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌ను చెరుపుతుంది. అందుచేత 2004 నాటి ఏ.పి.ఐ. ఎస్.ఎమ్. ప్రమాణం 5డబ్ల్యూ-30 వంటి పలుచని గ్రేడులలో భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది. 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి వర్తించలేదు. పాత కార్లకు చిక్కని నూనె పనికివచ్చిందన్న అనుభవంలో కొంత పుణ్యం ఈ మినహాయింపుదే కావచ్చు!

అరిగిన క్యామ్‌షాఫ్ట్ ధరతో ఎన్ని డబ్బాల నూనె వస్తుందో లెక్కించడం కష్టం కాదు. కొనేముందు ముందువైపు అంకెలతోపాటు జింకు, భాస్వరం శాతాలను అడగాలి. డబ్బాపై లేకపోతే తయారీదారు సాంకేతిక పత్రంలో చూడాలి.