భారీ వర్షసూచన: విత్తే తొందర బాకీలకు చేటు

ఆత్మకూరు: వాతావరణ శాఖ నుంచి భారీ వర్షసూచన వెలువడిందంటే ఈ ప్రాంతపు బజారులో రెండు కదలికలు కనిపిస్తాయి. వాన ముంచుకు రాకముందే విత్తనం నేలలో పడాలని రైతు దుకాణానికి పరుగెత్తుతాడు. వాన బాగుంటే పంట బాగుంటుంది, ధరలు మందగిస్తాయి అని వర్తకుడు లెక్క వేసుకుంటాడు. రెండు లెక్కలూ తొందరపాటువే. భారీ వర్షానికి ముందురోజు వేసిన విత్తనం చాలాసార్లు సరుకై యార్డుకు రాదు. రాని బాకీగా వర్తకుని ఖాతాలోనే మిగిలిపోతుంది.

ముందుగా సూచనలలో భేదం తెలుసుకోవలసి ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో వెలువడేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే మొత్తం వాన అంచనా. 1971-2020 సగటు అయిన 87 సెంటీమీటర్లలో ఎంత శాతం కురుస్తుందో అది దేశం మొత్తానికి చెబుతుంది. ఆత్మకూరు చేలలో ఏ రోజున నీరు నిలుస్తుందో అది చెప్పదు. రోజువారీ హెచ్చరిక వేరు. 24 గంటలలో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు భారీ వర్షమనీ, అది దాటి 204.4 వరకు అతి భారీ వర్షమనీ, ఆపైన అత్యంత భారీ వర్షమనీ శాఖ విభజన. విత్తే తేదీ నిర్ణయించుకోవడానికి పనికివచ్చేది ఈ రెండవ సూచనే.

ఈ తేడా ఎంతటిదో 2009 సంవత్సరం చూపింది. ఆ ఏడాది దేశంలో నైరుతి వర్షాలు సగటులో 78 శాతమే పడ్డాయి. లెక్క ప్రకారం అది కరువు సంవత్సరం. అదే ఏడాది అక్టోబరు 2న కర్నూలు పట్టణం వరదలో మునిగింది. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిపడింది. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల ప్రాంతంలో పైర్లు నీట మునిగాయి. సీజను మొత్తం వానను చూసి బేరాలు కుదుర్చుకునేవారికి ఈ రెండేళ్ళూ గుర్తుండాలి.

నేల స్వభావం మరొకటి. నల్లరేగడి నీటిని పట్టుకుని వెంటనే వదలదు. అందులో విత్తనం గాలి ఆడక కుళ్ళిపోతుంది. ఎర్ర నేలల్లో పెద్దవాన వెలిసి ఎండ కాస్తే పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాలేదు. మొక్కజొన్న మొలచిన తొలి నెలలో నీటి నిలవను తట్టుకోలేదు. ముందుగా చల్లిన యూరియా వరద నీటితోనే పోతుంది. నల్లమల వాలున కురిసిన వాన వాగుల గుండా కొద్ది గంటలలోనే పల్లపు చేలకు చేరుతుంది. కాబట్టి చేను మీద కురిసిన వాన ఒక్కటే లెక్క కాదు.

ఇక అప్పుల మాట. విత్తనం, ఎరువు అరువుగా ఇచ్చేది తరచు మండీ వర్తకుడో, ఎరువుల దుకాణదారో. సరుకు త్వరగా కదలాలన్న ఆత్రంతో "రేపే వేసెయ్యి" అని రైతును తొందరపెట్టేవారు లేకపోలేదు. మొదటి విత్తు పోతే రెండవ విత్తుకు మళ్ళీ అరువే. ఖర్చు పెరుగుతుంది గాని దిగుబడి పెరగదు. పంట అమ్మినా పాత పద్దు తీరదు. కౌలు చెల్లించవలసిన రైతు సంగతి మరీ కష్టం. ఆ నష్టంలో సగం తొందరపెట్టిన దుకాణదారుదే అవుతుంది.

అయితే జాప్యానికీ ఖరీదు లేకపోలేదు. జూన్ మధ్యలో వేసిన మొక్కజొన్న సెప్టెంబరు చివరికి కోతకు వస్తుంది. జూలై మధ్యకు జరిగితే కోత అక్టోబరు చివర, తుపాను వానల్లో పడవచ్చు. మొక్కజొన్నలో 14 శాతం, ధాన్యంలో 17 శాతం మించి తేమ ఉంటే ప్రభుత్వ కొనుగోలుకు పనికిరావు. ప్రత్తిలో 8 శాతం దాటితే సి.సి.ఐ. ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే కొనదు. అందువల్ల ఆగవలసింది రోజులే గాని వారాలు కాదు. హెచ్చరిక గడువు ముగిసి, నీరు ఇంకి, గొర్రుకు మట్టి అంటకుండా సాలు సాగే పదును వచ్చేవరకు ఆగితే చాలు. ఈలోగా నీరు పోయే కాలువలు తీయడం, బోదెలు వేయడం వంటి పనులు ముగించుకోవచ్చు.

అదను పూర్తిగా దాటిన నల్లరేగడిలో కొర్ర ఒక దారి. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది రకం 70-75 రోజులలో చేతికి వస్తుంది. ఆ వెనుక అక్టోబరు, నవంబరులలో శనగ వేసుకోవచ్చు.

వర్తకులు చేయదగినవి మూడు ఉన్నవి. విత్తన నిలవలన్నీ మొదటి వానకే ఖాళీ చేయకుండా, రెండవ విత్తుకు కొంత, స్వల్పకాలిక రకాలలో కొంత ఉంచుకోవాలి. అరువు వాయిదాను క్యాలెండరు తేదీకి గాక విత్తిన తేదీకి ముడిపెట్టాలి. వాన వార్త విని ముందస్తు అమ్మకాలకు దిగకుండా, మొలక నిలిచిన ఎకరాలెన్నో గ్రామాల నుంచి తెలుసుకోవాలి. యార్డుకు సరుకు వచ్చేది ఆ ఎకరాల నుంచే. నాలుగు రోజులు ఓపిక పట్టమని రైతుకు చెప్పడం వర్తకుని బాకీకి కూడా క్షేమకరం.