జచ్గీఖానాలో దాయీకి ఒక కుర్సీ వేయండి

మన ఇళ్లల్లో దాయీ అంటే గుజర్‌గయా జమానా మాట. నానీమా చెప్పే కథల్లో తప్ప ఇంకెక్కడా వినిపించదు. తెలుగులో మంత్రసాని అన్నా అంతే. ఆ మాట వినగానే చీకటి గది, తుప్పు బ్లేడు, బతకని బిడ్డ గుర్తొస్తాయి. ఆ ఖౌఫ్ ఝూట్ కాదు. అలా తల్లుల్ని పోగొట్టుకున్న ఖాందాన్లు మనలో ఎన్నో. కానీ ఆ భయంతో పరుగెత్తి ఎక్కడికి చేరామో ఒకసారి హిసాబు చూసుకుందాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అల్‌హమ్దులిల్లాహ్, చిన్న సంగతి కాదు. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. సర్కారీ దవాఖానాల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతమే. జనాభా మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటాక, ఇంకా పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కిన పదిమందిలో ఎనిమిది మంది కడుపు కోయాల్సినంత బలహీనంగా మన ఆడపిల్లల్ని అల్లాహ్ పుట్టించాడా?

మనకు ముహూర్తాల పట్టింపు లేదు కదా అని తప్పుకోకండి. మన బహానాలు మనకున్నాయి. పిల్ల దర్ద్ తట్టుకోలేదంటాం. అల్లుడికి మళ్లీ దుబాయ్ ఫ్లైట్ ఉందంటాం. డాక్టర్ సాహెబా ‘రిస్క్ ఎందుకు’ అన్నారంటాం. కాన్పు ఆడవాళ్ల మామ్‌లా, మర్దులకేం పని అనే మనమే, ఆపరేషన్ కాగితం వచ్చేసరికి పెన్ను తీసి దస్తఖత్ పెడుతున్నాం. ఏం రాసుందో చదవం. ఎందుకని అడగం. అందుకే ఈ మాట బహెన్‌ల కంటే ముందు భాయీలతో చెబుతున్నాను.

ఆపరేషన్ దుష్మన్ కాదు. మాయ అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ గుండె నెమ్మదించినప్పుడు అదే రహ్మత్. కానీ జరూరత్ లేని కోత కోతే. నెత్తురు ఎక్కువ పోవచ్చు, కుట్లకు చీము పట్టొచ్చు, తర్వాతి కాన్పులో మాయ పాత కోతకే అతుక్కుని ప్రాణం మీదికి రావచ్చు. ఒకరిద్దరితో ఆగని మన ఖాందాన్లలో ఈ ఖతరా ఇంకా ఎక్కువ.

మరి రాస్తా ఏది? నా రాయ్ ఒకటే: దాయీని వెనక్కి పిలవాలి. చదువుకున్న దాయీని. 2017లో తెలంగాణ సర్కారు, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. నర్సింగ్ చదివి, లైసెన్సు ఉండి, ఆపైన ఏడాదిన్నర కాన్పు ఇల్మ్ మాత్రమే నేర్చుకున్నవాళ్లు వీళ్లు. మామూలు కాన్పు తామే చేస్తారు. తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలుస్తారు. ఎప్పుడు పిలవాలో తెలియడమే వాళ్ల హునర్.

వాళ్ల పని ఎలా ఉంటుందో నేను సైనిక్‌పురిలో చూశాను. మాజీ ఫౌజీల కోసం వెలసిన ఆ కాలనీలోనే మా చెల్లెలి కూతురు కాపురం. మొదటి కాన్పుకు ఒక మిడ్‌వైఫ్ బృందాన్ని చూసుకుంది. మొత్తం ముగ్గురు, వాళ్ల వెనక ఒక డాక్టర్. నొప్పులు మొదలైంది రాత్రి రెండింటికి. బిడ్డ పుట్టింది మర్నాడు అసర్ తర్వాత. ఆ పద్నాలుగు గంటల్లో ఒక మిడ్‌వైఫ్ ఆమెను వదల్లేదు. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని కాగితం మీద రాసుకుంది. నడిపించింది, నడుము రాసింది, ఖజూర్, నీళ్లు ఇచ్చింది. ‘మామూ, నాకు నొప్పి గుర్తులేదు, ఆమె చెయ్యి గుర్తుంది’ అంది పిల్ల తర్వాత.

ఆ మిడ్‌వైఫ్‌తో ఒక కప్పు చాయ్ తాగుతూ మాట్లాడాను. నెలలో సగం రాత్రులు ఫోను దిండు పక్కనే ఉంటుందట. పండగలూ పెళ్లిళ్లూ తనను చూసి రావట. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని తెలుగులో ఊరికే అనలేదు. ఆపరేషన్ అయితే గంటలో అయిపోతుంది. సబ్ర్‌తో కూర్చునేవాళ్లకు ఆ గంటల ఖీమత్ కట్టేవాళ్లు లేరు. మన వ్యవస్థ కోతకు పైసలిస్తుంది, ఇంతెజార్‌కు ఇవ్వదు. అసలు బీమారీ ఇక్కడుంది.

ఆ ముగ్గురిలో మన ఆడపిల్ల ఒక్కతీ లేదు. నాకు గుచ్చుకున్నది అదే. లేడీ డాక్టరే కావాలి, మగవాళ్లు లోపలికి రాకూడదని జచ్గీఖానా దగ్గర పట్టుబట్టేది మనమే. మన బిడ్డ నర్సింగ్ చదువుతానంటే ‘నైట్ డ్యూటీ, రిష్తా రాదు’ అనేదీ మనమే. పర్దా కావాలి, ఆ పర్దా వెనక పనిచేసే చేతులు మాత్రం పరాయివాళ్ల ఇళ్ల నుంచి రావాలి. ఇదెక్కడి ఇన్సాఫ్?

మన దీన్ ఈ పనిని తక్కువ చేయలేదు. రసూలుల్లాహ్ (స) కుమారుడు ఇబ్రాహీం పుట్టినప్పుడు కాన్పు చేసిన సల్మా (ర) పేరును సీరత్ రాసినవాళ్లు ఇజ్జత్‌తో రాసిపెట్టారు. హనఫీ ఫిఖ్‌లో పుట్టుక విషయంలో దాయీ ఒక్కతె గవాహీ చాలు. సూరా మర్యమ్‌లో పురిటి నొప్పుల్లో ఉన్న తల్లికి చెట్టు నీడ, నీళ్లు, ఖజూర్, తసల్లీ అందిన వైనం మనందరికీ తెలుసు. ఈ షహర్ తారీఖ్‌లోనూ ఒక సబక్ ఉంది. 1949లో తన పరిచారిక రఫత్ కాన్పులో చనిపోతే, ఇంకో రఫత్ చావకూడదని షెహజాదీ నీలోఫర్ పట్టుబట్టింది. 1953లో నీలోఫర్ దవాఖానా అలా వచ్చింది. ఒక నౌకరాణీ మరణం ఒక శాహీ మహల్‌ను కదిలించిన షహర్ ఇది.

‘ఇంట్లోనే కాన్పు చేయించమంటావా’ అని ఎవరైనా అడగొచ్చు. అనను. బీపీ ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డం తిరిగినవాళ్లు డాక్టర్ చేతిలోనే ఉండాలి. దాయీకి డాక్టర్‌తో ముఖాబలా పెట్టడం లేదు. డాక్టర్ పక్కన ఆమెకూ ఒక కుర్సీ వేయమంటున్నాను. ఇంగ్లండులో మామూలు కాన్పులు ఎక్కువగా మిడ్‌వైఫ్‌లే చేస్తారు. వాళ్లు మనకన్నా బిడ్డల మీద ముహబ్బత్ తక్కువున్నవాళ్లేం కాదు.

సర్కారును అడగాల్సింది ఒకటుంది: 18 నెలలు నేర్పించిన మిడ్‌వైఫ్‌ను లేబర్ రూంలోనే ఉంచండి, వేరే వార్డులకు తిప్పకండి, ఆమెకు తగిన హోదా, తన్ఖా ఇవ్వండి. మనం చేయాల్సింది రెండు. బీఎస్సీ నర్సింగ్ చదువుతానన్న బిడ్డకు ‘జా బేటీ’ అనడం ఒకటి. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడే, ఐదో నెలలోనే, అడగడం ఇంకొకటి: మీ దగ్గర మిడ్‌వైఫ్ ఉందా? నూటికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? నొప్పులప్పుడు మా పిల్లను నడవనిస్తారా? పక్కన మా మనిషి ఒకరు ఉండొచ్చా?

దీనికి డాక్టరీ చదవక్కర్లేదు. ఫ్లాటు కొనేటప్పుడు బిల్డర్‌ను వంద సవాళ్లు అడిగే మనం, బీవీ కోసం నాలుగు అడగలేమా? జవాబు చెప్పడానికి చిరాకుపడే చోట దస్తఖత్ పెట్టకండి.