ఈ ఒక్క ట్రిప్పు అయ్యాక మారుద్దాం

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే షెడ్లకు పని లేని రోజంటూ ఉండదు. అక్కడికి బోరుకొచ్చే ఇంజన్లన్నిటికీ జబ్బు ఒకటే కాదు. కూలెంట్ లీకు కావచ్చు, ఓవర్‌లోడు కావచ్చు, నాసిరకం విడిభాగం కావచ్చు. అయినా అనుభవమున్న మెకానిక్ ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆయిల్ ఎప్పుడు మార్చారు? చాలాసార్లు దానికి వచ్చే జవాబు, ‘మొన్ననే రెండు లీటర్లు పోశాం’ అని.

పోయడం వేరు, మార్చడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఇంకా ఎన్నో ఏళ్లు నడవాల్సిన ఇంజన్లు ముందే చేతులెత్తేస్తున్నాయి.

డీజిల్ మండినప్పుడు పుట్టే మసి కొంత రింగుల సందుల్లోంచి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. దాంతోపాటు ఆమ్లాలు, తేమ, కాలని డీజిల్ కూడా చేరతాయి. కొత్త ఆయిల్ కొద్దిరోజుల్లోనే నల్లబడితే చాలామంది కంగారుపడతారు. నిజానికి ఆ నలుపు, ఆయిల్ మసిని గడ్డకట్టనీయకుండా తనలోనే పట్టి ఉంచుతోందనడానికి గుర్తు. ఆ పని చేసేది ఆయిల్‌లో కలిపిన రసాయనాలు. 1930ల్లో కాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు గాడిలోనే అంటుకుపోతుంటే, దానికి విరుగుడు వెతుకుతూ డిటర్జెంట్ కలిపిన ఇంజన్ ఆయిల్‌ను తెచ్చారు. నేటి లారీ ఆయిళ్లకు మూలం అదే.

ఆ రసాయనాలు తరగని నిధి కాదు. అవి ఖర్చయిపోయాక మసి ముద్దకడుతుంది, ఆయిల్ చిక్కబడుతుంది, ఫిల్టర్ పూడుకుపోతుంది. అప్పుడు ఇంజన్‌కు అసలు ఆయిలే అందకుండా పోతుందని, ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి వడపోత లేని మురికి నేరుగా క్రాంక్ బేరింగుల్లోకి వెళుతుంది. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఉండేది మైక్రాన్లలో కొలిచేంత పలుచని నూనె పొర. గరుకు రేణువులు చేరాక అక్కడ జరిగేది అరుగుదలే. నిమిషానికి దాదాపు లక్ష చుట్లు తిరిగే టర్బో షాఫ్టు పరిస్థితి ఇంకా కష్టం. చిక్కబడిన ఆయిల్ దాని సన్నటి గొట్టాల్లో మాడి పేరుకుంటే టర్బో పోతుంది. ఈలోగా రింగులు అంటుకుని బండి ఆయిల్ తాగడం మొదలవుతుంది, నీలిపొగ కనబడుతుంది. ఓనరు మళ్లీ రెండు లీటర్లు పోయిస్తాడు. డిప్‌స్టిక్‌పై మట్టం సరిగ్గానే కనబడుతుంది. మసి, లోహపు పొడి మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇప్పుడు దీనికి మరో అపోహ తోడైంది. ఆయిల్ లక్ష కిలోమీటర్ల దాకా మార్చనక్కర్లేదన్న ప్రకటనలు కొత్త భారీ లారీలతోపాటు వచ్చాయి. అవి అబద్ధాలు కావు. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోసి, జాతీయ రహదారిపై ఒకే వేగంతో దూరప్రయాణాలు చేసే బండికి అవి వర్తిస్తాయి. చెన్నై–కోల్‌కతా హైవే మీద కంటైనర్ లాగే లారీకీ, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో దుమ్ములో ఎక్కి దిగే టిప్పర్‌కూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన రాతి దుమ్ము లైనర్లను ఉప్పుకాగితంలా గీస్తుంది. పోర్టు గేటు దగ్గర క్యూలో ఇంజన్ ఆపకుండా గంటలు గడిపిన బండిలో మీటర్ కదలదు, ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంటుంది. అలాంటి బండ్లకు కిలోమీటర్లు కాదు, ఇంజన్ నడిచిన గంటలు చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లతో జాగ్రత్త ఇంకా పెరగాలి. వాటికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి. చవగ్గా వస్తోందని పాత రకం పోస్తే, పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి కాలిపోయినా బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది.

సరైన పద్ధతి కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఆర్టీసీ డిపో చాలు. లారీల్లో ఉండే లేలాండ్, టాటా ఇంజన్లే అక్కడి బస్సుల్లోనూ ఉంటాయి, తిరిగేదీ ఇవే రోడ్ల మీద. 10 లక్షల కిలోమీటర్లు దాటిన బస్సులు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి ఉంటుంది. షెడ్యూల్ వచ్చిన బస్సు గ్యారేజీలోకి వెళ్లాల్సిందే. ఆయిల్ సంగతి ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడదు.

ఒకటి రెండు లారీలున్న ఓనరుకు ఈ వెసులుబాటు లేదన్నది నిజం. కిస్తీ తేదీ ఆగదు, టైర్లు అరిగిపోతాయి, కిరాయి బాకీ నెలల తరబడి రాదు. వాయిదా వేయగలిగినది ఆయిల్ ఒక్కటే అనిపిస్తుంది. ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు వేలల్లో ఉంటే ఇంజన్ విప్పే ఖర్చు లక్షల్లో ఉంటుందని అతనికీ తెలుసు. చేతిలో డబ్బు లేనప్పుడు తెలివి అక్కరకు రాదు. అందుకే తప్పంతా అతని మీదికో, డ్రైవర్ మీదికో నెట్టడం అన్యాయం. ఇంజన్ దారిలో పట్టేస్తే జీతం కోత పడేది డ్రైవర్‌కే. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే అధికారం మాత్రం అతనికి ఉండదు.

లారీ ఓనర్ల సంఘాలు దీన్ని భుజానికెత్తుకోవాలి. వాడిన ఆయిల్ శాంపిల్‌లో ఇనుము, రాగి, సీసం, సిలికాన్ ఎంత ఉన్నాయో చూసి ఏ భాగం అరుగుతోందో ముందే చెప్పవచ్చు. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే 1940ల్లోనే డీజిల్ ఇంజన్లకు ఈ పరీక్ష చేసింది. ఆటోనగర్ లాంటి చోట సంఘాలన్నీ కలిసి ఒక ల్యాబ్ పెట్టుకుంటే, క్వారీ బండి ఆయిల్ ఎన్ని గంటలు ఆగుతుందో ఊహించాల్సిన పని తప్పుతుంది. సరుకు ఎత్తించే సిమెంటు, గ్రానైట్ కంపెనీలు కూడా ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలతోపాటు ఆయిల్ మార్చిన రికార్డు అడగాలి. ఆయిల్ మార్చే ఖర్చును కిరాయిలోనే కలపాలి. ఆయిల్ మార్చే గడువు దాటిందని డ్రైవర్ చెప్పిన బండికి, మార్చేదాకా లోడు ఎక్కించకూడదు.