పత్రం నా పేరున, అద్దె ఆయన లెక్కలో

"ఇల్లు నీ పేరునే ఉంది కదా, ఇంకేటి కావాలి నీకు?" అని మొన్న మా వదిన అడిగింది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఆ మాటకి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో మా ఇంటి పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. మావారి జీతంతో కొన్న స్థలం, కట్టిన ఇల్లు. రిజిస్ట్రేషన్ మాత్రం నా పేరున. టు-లెట్ బోర్డు కట్టేది నేను. వచ్చినవాళ్లకి ఇల్లు చూపించి అడ్వాన్సు మాట్లాడేది నేను. మోటారు కాలిపోతే మెకానిక్కు వెంటపడేది, ఖాళీ చేసిన పోర్షనుకి సున్నాలు వేయించేది కూడా నేనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి నీళ్ల ట్యాంకు ఎగిరిపోతే, కరెంటు లేని ఆ రోజుల్లో బోరింగు కొట్టి అద్దెకున్నవాళ్లకి బిందెలు అందించాను. మావారు డ్యూటీలో ఉన్నారు, ఆయన్ని తప్పు పట్టడం లేదు.

కిందటేడు అమ్మాయి చదువుకి లోను కోసం ఒక బ్యాంకుకి వెళ్లాం. కో-అప్లికెంటుగా నన్ను పెట్టమంటే "మీ మూడేళ్ల రిటర్నులు తెండమ్మా" అన్నారు. ఉంటే కదా తేవడానికి! నెలకి 16,000 అద్దె నా చేతిమీదుగా వస్తోంది, కాగితం మీద మాత్రం నాకు రూపాయి ఆదాయం లేదు.

ఎందుకలా అని ఆడిటరుగారిని అడిగాను. తగిన ప్రతిఫలం తీసుకోకుండా భర్త తన ఆస్తిగానీ డబ్బుగానీ భార్యకిస్తే, దాని మీద వచ్చే అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుందట. భార్య భర్తకిచ్చినా ఇదే లెక్క. ప్రేమాభిమానాలు తగిన ప్రతిఫలం కావని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. సరే, ప్రేమ సంగతి వదిలేయండి. మరి ఇన్నేళ్ల చాకిరీ? దానికీ ఆ లెక్కలో చోటు లేదు. అద్దెలోంచి ఇంటిపన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం తగ్గిస్తారు. మేస్త్రీకి ఎంత ఇచ్చినా అంతే, ఏమీ ఇవ్వకపోయినా అంతే. నేను తిరిగిన తిరుగుడంతా ఆ 30 శాతంలో ఎక్కడో కలిసిపోయింది.

ఈ నిబంధన లేకపోతే డబ్బున్నవాళ్లంతా ఆస్తులు భార్యల పేర రాసి పన్ను ఎగ్గొడతారని అంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ దొంగలెక్క రాసేవాళ్లకి వేసిన తాళం, నిజంగా పనిచేసే ఆడదాని మీద కూడా పడింది కదా.

మా ఆడపడుచు డల్లాస్‌లో ఉంటుంది. ఉద్యోగం లేదు, రెండు అద్దె ఇళ్లు తనే చూసుకుంటుంది. అక్కడ మామూలుగా అద్దె ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసేయనివ్వరు. అయితే 1993లో తెచ్చిన చట్టం ప్రకారం, భార్యాభర్తల్లో ఒకరు ఏడాదికి 750 గంటలు దాటి రియల్ ఎస్టేట్ పని చేసి, తమ పని సమయంలో సగానికి పైగా దానికే పెట్టి, ఆ ఇళ్ల వ్యవహారం స్వయంగా నడిపితే, ఉమ్మడి రిటర్నులో ఆ నష్టాన్ని రెండోవాళ్ల జీతంలోంచి తగ్గించుకోవచ్చు. అందుకే మా ఆడపడుచు ప్లంబరు కోసం ఎదురుచూసిన గంట కూడా డైరీలో రాస్తుంది. లాభం చివరికి మొగుడి జీతానికే అనుకోండి. అయినా అక్కడ ఆడదాని గంటలకి ఒక లెక్కుంది. ఇక్కడ ఆ డైరీ రాసినా అడిగేవాడు లేడు.

నేను అడిగేది పన్ను మాఫీ కాదు. ఇల్లు నడిపే మనిషి పనికి కూలి కట్టి, ఆ మేరకు అద్దెని ఆమె ఆదాయంగా రాయనివ్వమంటున్నాను. దాని మీద పన్ను పడితే కడతాను.

చట్టం మారేవరకు మన చేతిలో ఉన్నదైనా చేసుకుందాం. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం మీద వచ్చే అద్దె పూర్తిగా మీదే. అది మీ ఖాతాలోనే వేయించుకుని మీ పేరే రిటర్ను వేయండి. ఇల్లు కొనేటప్పుడు మీ సొంత డబ్బు కలిపితే ఎంత కలిపారో కాగితాలు దాచండి, ఆ వాటా అద్దె మీది అవుతుంది. భర్త లెక్కలో కలిసిన అద్దెనే మీరు దాచి డిపాజిట్ చేస్తే, దాని మీద వడ్డీ మీ ఆదాయమే. ఈ ఏడాది నుంచి ఆ వడ్డీకి నేనూ రిటర్ను వేస్తున్నాను. చిన్న అంకెే, కానీ నా పేరున ఉంది.

వదినా, నాకు ఇంకేటి కావాలో ఇదీ.