డబ్బా బీరుకు తిరగవాత

కిట్ డబ్బాతో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు దాంట్లో హాప్స్ ఇంకొంచెం వేయొచ్చా, వేయకూడదా? వేయొచ్చు అనేదే నా అభిప్రాయం. అయితే కొంచెంగా వేయాల, ఆఖర్లో వేయాల, ఎంత వేసినామో రాసి పెట్టుకోవాల. మన ఇంటి పిల్లలు ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఉన్నోళ్లు ఈ పని చేస్తా ఉన్నారు. వాళ్లలో ఒకరు "డబ్బాతో వచ్చిన కాగితం దాటకూడదు" అంటారు. ఇంకొకరు "డబ్బాతో చేసింది బీరే కాదు, గింజ నుంచి చేయాల" అంటారు. నాకు రెండు మాటలూ ఒప్పిగె కాలేదు.

ముందే ఒక మాట. బెంగళూరులో, హోసూరులో ఉన్న తమ్ముళ్లు "అన్నా, వచ్చేటప్పుడు ఒక కిట్ తెచ్చియ్యి" అని అడగొద్దండి. ఇక్కడ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేసేది ఎక్సైజు చట్టం కింద నేరం. ఇంగ్లండులో 1963 నుంచి ఇంటి వాడకానికి బీరు చేసుకునేదానికి లైసెన్సు అక్కర్లేదు. నేను ప్రాజెక్ట్ పని మీద రెండేళ్లు లీడ్స్‌లో ఉన్నప్పుడు అక్కడే దీన్ని చూసింది, చేసింది. తాగేదే తప్పు అనే పెద్దలు మన ఇంట్లో ఉన్నారు. వాళ్ల మాట మీద నాకు గౌరవం ఉంది. ఈ రాత, చట్టం ఒప్పుకున్న ఊర్లలో ఉండి చేసుకునే పెద్దవాళ్లకు మాత్రమే.

కిట్ అంటే ఏమి? రాగి మాల్టుకు రాగులు మొలకట్టినట్టే బార్లీని మొలకట్టి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెట్టి తీపి నీళ్లు తీస్తారు. దాన్ని చిక్కటి పాకం చేసి డబ్బాలో పోస్తారు. మామూలు డబ్బా 1.7 కిలోలు ఉంటుంది. దానికి ఒక కిలో చక్కెరో, ఇంకొంచెం మాల్టు పొడో కలిపి, నీళ్లు పోసి 23 లీటర్లు చేసి, ఈస్టు చల్లి పులియబెడతారు. హాప్స్ అనేది ఒక తీగ పువ్వు, చిన్న పచ్చటి మొగ్గలాగ ఉంటుంది. బీరుకు చేదూ, వాసనా ఇచ్చేది అదే. కిట్ పాకంలో చేదు ముందే ఉంటుంది.

చేదు, వాసన రెండూ ఒకే పువ్వులోంచి వస్తాయి కానీ దారులు వేరే. చేదు రావాలంటే హాప్స్‌ను సుమారు గంటసేపు మరగబెట్టాల. అప్పుడే దాంట్లోని ఆల్ఫా ఆమ్లాలు మారి బీరులో కరుగుతాయి. వాసన ఇచ్చే నూనెలు అట్ల కాదు, మరిగితే ఆవిరితో పోతాయి. ఫ్యాక్టరీలో పాకం చిక్కబెట్టేటప్పుడు నీళ్లతోపాటు ఆ నూనెలూ చాలా వరకు పోతాయి. అందుకే కిట్ బీరులో చేదు సరిగ్గా ఉన్నా ముక్కుకు ఏమీ తగలదు. దీంట్లో కంపెనీ తప్పు లేదు, పాకం చేసే పద్ధతే అట్లాంటిది. కాగితం దాటకూడదు అనేవాళ్లకు నా జవాబు ఇదే. చేదు వాళ్లు తూచి పెట్టినారు, దాన్ని ముట్టుకోవద్దు. వాసన వాళ్లు ఇవ్వలేకపోయినారు, అది మనం వేసుకోవచ్చు.

ఇది మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. సారు మరిగేటప్పుడే ఇంగువా కరివేపాకూ వేసి అర్ధగంట ఉడికిస్తారా? దించే ముందు తిరగవాత పెడతారు. హాప్స్ కూడా అంతే.

చేసే పద్ధతి చెప్తాను. పులుపు జోరు తగ్గినాక, అంటే ఐదారు రోజులకు, 25 నుంచి 30 గ్రాముల హాప్స్ గుళికలు వేయాల. 23 లీటర్లకు మొదటిసారి అంత చాలు. మరగబెట్టి ఆరబెట్టిన పల్చటి గుడ్డ సంచిలో వేస్తే బాటిళ్లలోకి నలుసు రాదు. మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు, ఎక్కువ రోజులు ఉంచితే గడ్డి రుచి వస్తుంది. మూత ఊరికే తీసి తీసి చూడొద్దు, గాలి తగిలితే ఆ వాసనే మొదట చెడిపోతుంది. ఇంగ్లీషు బిట్టర్ కిట్‌కు ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్‌గానీ ఫగుల్‌గానీ బాగుంటుంది. పేల్ ఏల్ కిట్‌కు కాస్కేడ్ వేస్తే మన దేవనహళ్లి చకోత తొక్క గిల్లినట్టు ఉంటుంది. ఒకసారికి ఒక రకమే వేయండి. మూడు రకాలు కలిపితే బాగున్నా ఎందుకు బాగుందో తెలీదు, బాగలేకపోయినా ఎందుకో తెలీదు.

ఒకటి మాత్రం జాగ్రత్త. హాప్స్‌లో కొన్ని ఎంజైములు ఉంటాయి. ఈస్టు తినలేక వదిలేసిన పిండి పదార్థాన్ని అవి విరిచి మళ్లీ చక్కెర చేస్తాయి. ఆగిపోయిన పులుపు మళ్లీ నిదానంగా మొదలవుతుంది. అప్పుడే బాటిళ్లలో నింపితే లోపల ఒత్తిడి పెరిగి గాజు పగలొచ్చు. అందుకని హాప్స్ వేసినాక హైడ్రోమీటర్‌తో రెండు మూడు రోజుల తేడాలో రెండుసార్లు కొలిచి, అంకె మారలేదు అంటేనే నింపాల. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కోడ్‌లో ఒక లైను మార్చినా మళ్లీ టెస్ట్ చేయకుండా వదలము. దీంట్లో అయితే పగిలేది గాజు, చేతికీ కంటికీ తగిలేది.

వేసింది పని చేసిందా లేదా అనేది కూడా ఊహతో చెప్పొద్దు. 23 లీటర్లను రెండు పాత్రలకు సగం సగం చేసి, ఒకదానికే హాప్స్ వేయండి. సగానికే వేస్తా ఉన్నారు కాబట్టి హాప్స్ కూడా సగమే. తర్వాత స్నేహితుల ముందు మూడు గ్లాసులు పెట్టండి, రెండిట్లో ఒకే బీరు, మూడోదాంట్లో ఇంకొకటి. వేరేది ఏదో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరికి సరిపోతుంది, కాబట్టి పది మందిలో ముగ్గురు నలుగురు చెప్తే అది లెక్క కాదు. ఎనిమిది మంది చెప్తే మీరు వేసిన హాప్స్ నిజంగా పని చేసినట్టే.

ఇంక గింజ నుంచి చేయకపోతే అది మీది కాదు అనేవాళ్ల సంగతి. మన ఇళ్లలో అంగడి పుళియోగరె గొజ్జు తెచ్చినా, అన్నంలో అట్లనే కలిపి పెట్టేవాళ్లను నేను చూళ్లేదు. వేరుశెనగ, నువ్వుల పుడి, ఒకింత బెల్లం, ఇంటి తిరగవాత పడాల్సిందే. తిన్నోళ్లు అమ్మ చేసిన పుళియోగరె అంటారేగానీ అంగడిది అనరు. హాప్స్ ఎక్కువ వేసేది కొత్త సంగతి కూడా కాదు. కంపెనీ కాలంలో ఇంగ్లండు నుంచి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి మన దేశానికి వచ్చే పేల్ ఏల్‌కు, చెడిపోకుండా ఉండేదానికి హాప్స్ ఎక్కువ వేసేవాళ్లు, పీపాలో పోసినాక కూడా వేసేవాళ్లు. ఇండియా పేల్ ఏల్ అనే పేరు అట్ల వచ్చిందే.

"ఇది మీది కాదు" అనే మాట మన కుటుంబానికి కొత్త కాదు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అవ్వ దగ్గర విని నేర్చింది. ఆఫీసులో ఆంధ్రా వాళ్లు నా మాట విని "ఇది ఏ తెలుగు?" అని నవ్వుతారు. పొడిని పుడి అంటాము, చారును సారు అంటాము, అయినా ఇంట్లో కొట్లాడేదీ కొసరేదీ తెలుగులోనే. పక్కింటి భాష నాలుగు మాటలు పడినంత మాత్రాన అది మనది కాకుండా పోలేదు.

కాబట్టి దూరంలో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేది, డబ్బాతో చేస్తా ఉన్నామని చిన్నబుచ్చుకోవద్దండి. 25 గ్రాములు వేయండి, తేదీ, రకం, తూకం నోటుబుక్కులో రాయండి, రెండుసార్లు కొలవకుండా బాటిల్ ముట్టుకోవద్దండి. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు బీరు వద్దు, ఆ నోటుబుక్కు తెండి చాలు.